వట్టి సుంకమ్మ బదులు పలికిన జాతర

వట్టి సుంకమ్మకి పెళ్లిలో పుట్టింటోళ్లు ఐదు మేకలిచ్చినారంట. ఐదంటే ఐదే, నాలుగు పెంటివి, ఒకటి పోతు. ఆ మేకల తాళ్లు చేతికిచ్చేసరికి ఆ పిల్ల తలంబ్రాల బియ్యం ఇంకా నెత్తిలో ఉండంగానే లెక్క మొదలుపెట్టిందంట. నాలుగు పెంటివి ఈనితే, ఒక్కోదానికి రెండు పిల్లలనుకో, ఎనిమిది. ఉన్న ఐదుతో కలిపితే పదమూడు. ఆ ఎనిమిదిలో సగం పెంటివనుకో, అప్పుడు ఈనేవి ఎనిమిది, పుట్టేవి పదహారు, మొత్తం ఇరవై తొమ్మిది. ఇట్ల పక్కన కూర్చున్న మొగుడి చెవిలో చెప్తానే ఉందంట. మొగుడి పేరు గిడ్డయ్య. మెత్తని మనిషి. అంతా విని ఆయన ఏమన్నాడంటే, "బాగానే ఉంది గానీ, ముందు ఈ ఐదింటినీ ఇంటికి తోలుకపోదాం పట్టు" అన్నాడంట. నవ్వుతారేం, ఆమె లెక్క తప్పేం కాదు, మీరే వేసుకుని చూడండి.

ఇంతకీ వట్టి సుంకమ్మ అని ఎందుకంటారంటే, అది చెప్పాల. వాళ్లది తంగేడుబండ అనే ఊరు. ఊరి దేవత సుంకులమ్మ. జాతర నెలలో ఆడపిల్ల పుడితే ఇంకో పేరు ఆలోచన చేసే పనే లేదు, సుంకమ్మ అని పెట్టేదే. అట్ల పెడతా పెడతా ఊర్లో ఎటు చూసినా సుంకమ్మలే అయినారంట. మరి పిలిచేదెట్ల? పనిని బట్టి పిలిచేది. కిత్తనార నానబెట్టి, దంచి, తాడు పేనే ఆమె తాళ్ల సుంకమ్మ. ఆమె పేనిన మోకుకి రెండెద్దులు కట్టి లాగినా పోగు లేచేది కాదంట. ఈమే మన పిల్లకి అత్త, గిడ్డయ్యకి తల్లి. ఇంకొకామె బావి సుంకమ్మ. బావిలో బిందె పడినా, ముక్కుపుడక పడినా, నోట్లో ఆకూవక్క ఉమ్మేసి మునిగి, తీసుకుని పైకొచ్చి, మళ్లీ ఆకు నోట్లో పెట్టుకునే మనిషి. మూడో ఆమె మిద్దె సుంకమ్మ. చౌడుమట్టి తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కిందంటే వాన ఎన్నాళ్లు పడినా ఇంట్లో చుక్క రాలేది కాదు. నాలుగో ఆమె పాటల సుంకమ్మ. పెండ్లిలో పాడితే ముసలోళ్లు లేచి ఆడేది, చావులో పాడితే అప్పులోళ్లు కూడా ఏడ్చేది. మిగిలిన సుంకమ్మలంతా ఇంకా పిల్లలు, పెండ్లి కానోళ్లు, లెక్కలోకి రారు. ఇంకో కట్టుబాటు ఉండాది, అది గుర్తుపెట్టుకోండి. సుంకమ్మ అనే ఆమె సుంకమ్మ అనే మాట నోటితో అనకూడదు. తన పేరు తానే పిలుచుకున్నట్టయితాదని. ఒకర్నొకరు పిలుచుకోవాలంటే పేరక్కా, పేరత్తా, పేరుపిల్లా, అంతే.

ఇంగ మన పిల్లకి ఏ పనీ లేదు గదా, మేకలు ఊరందరికీ ఉంటాయి, మేకల సుంకమ్మ అంటే ఎవరని వెతకాల? అందుకని వట్టి సుంకమ్మ. అందులో తిట్టేమీ లేదు, ఊరంతా ముద్దుగానే అనేది. అయితే ముద్దు ఎన్నాళ్లు? జాతరలో ఏమైతాదంటే, సుంకులమ్మ గుడి ముందర డప్పు నాగన్న నిలబడి ఒక్కో సుంకమ్మని పేరు పెట్టి పిలుస్తాడు. మూడు సార్లు. ఆమె "ఓ" అని పలికి, తన పెరుగన్నం కుండ తెచ్చి అమ్మ ముందర పెట్టాల. మూడో పిలుపుకీ పలకకపోతే ఆ పని పేరు ఆమె మీద నుంచి దిగిపోతాది, వట్టిదైపోతాది. కొత్త కోడలికి మూడు జాతరల వాయిదా. మూడో జాతరలో డప్పు మీద ఏ పేరు పలికితే ఆ పేరే చచ్చేదాకా. ఆ మూడో జాతరలో అసలు పలకనే లేదనుకో, ఇంగ సుంకమ్మ అన్న పేరు కూడా ఉండదు. ఫలానాయన పెండ్లాం అంటారు, అంతే. ఇంకో సంగతి, పేరు ముందర పెట్టే మాట మనమే పెట్టుకునేది గాదు. పని చేయించుకున్నోళ్ల నోట్లోంచి రావాల. నాగన్న దాన్ని చెవిన వేసుకుని జాతరలో పలుకుతాడు.

రెండు జాతరలు వట్టి సుంకమ్మగానే పలికిందంట. మూడోది వచ్చే లోపల ఎట్లైనా ఒక పని పట్టాలని ఆ పిల్ల పట్టుబట్టింది. మొదట అత్త దగ్గర కూర్చుని తాడు పేనింది. పురి తక్కువ వేస్తే పొద్దుకి రెండు తాళ్లు ఎక్కువ వస్తాయని లెక్క తీసి, అట్లే పేనింది. అయిదో రోజుకి ఆ తాడు తెగి ఎవరిదో బిందె బావిలో పడింది. సరే, బిందె తీసేదీ నేర్చుకుంటానని బావి సుంకమ్మ వెంట దిగింది. మునిగి ఒక బిందె తెచ్చింది గానీ అది వేరే బిందె, ఎవరి తాతలనాటిదో, అడుగంతా ఊడిపోయింది. బావి సుంకమ్మ అది చూసి, పేరుపిల్లా, దీనికోసం ఏడ్చినోళ్లు కూడా చచ్చిపోయినారే అన్నదంట. తర్వాత మిద్దె సుంకమ్మ వెంట చౌడు మోసింది. ఇన్ని గంపలెందుకు, కొలిచి చూస్తే ఇంత చాలు గదా అని తగ్గించి పరిచింది. ఆ మిద్దె ఎవరిదంటారు? డప్పు నాగన్నది. వాన పడిన రోజు ఆయన డప్పు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడంట. ఇంగ మిగిలింది పాట. ఒక ముసలాయన పోతే పాటల సుంకమ్మ పక్కన కూర్చుని తనూ ఎత్తుకునింది. ఆయన మంచితనం పాడి, ఆయన గొర్రెల దాకా వచ్చి, అవి ఎన్నున్నాయో, ఇంగ రెండేండ్లు బతికుంటే ఎన్నయ్యేవో పాడేసరికి ఏడ్చేటోళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారంట. చచ్చినాయన కొడుకే ముందు నవ్వినాడని చెప్తారు. నలుగురు సుంకమ్మలూ ఒక్క మాట కూడా కసురుకోలేదు. నీకు చేయి లేదు పేరుపిల్లా, కాళ్లుండాయి, పోయి మేకలు కాసుకో అన్నారంట, నవ్వుకుంటానే.

కాళ్లుండాయన్నారు గదా, ఆ మాటే పని చేసింది. అప్పటికి మేకలు ఐదు గాదు, ఇరవై దాటినాయి. ఊరి చుట్టూ మేపు చాలక ఆ పిల్ల దూరం తోలడం మొదలుపెట్టింది. ఒక రోజు రాళ్లదొడ్డి పక్క, ఒక రోజు చెరువుపల్లె పక్క, ఇంకో రోజు కోతిగుండం. పోయిన ప్రతి ఊర్లో నీళ్లకి ఆగాల గదా, ఆగినకాడ నాలుగు మాటలు వినపడతాయి. చెరువుపల్లెలో చావిడి మిద్దె కారతాంది, చేసేటోళ్లు లేరు. కోతిగుండంలో పెండ్లికూతురి కడియం బావిలో పడింది. రాళ్లదొడ్డిలో ఎద్దులతో నీళ్లు తోడే కొత్త కపిలి బావికి మోకు కావాల. విని ఊరికే ఉండే మనిషా? మా ఊర్లో ఒకామె ఉంది, ఫలానా సంత అయినాక తీసుకొస్తా, అని మాటిచ్చేది. ఇంటికొచ్చి ఆయమ్మకి చెప్పేది. అప్పటిదాకా ఏమైందంటే, తంగేడుబండలో ఉండేదే నూరిండ్లు. నూరిండ్లకి ఎన్ని మిద్దెలు కారతాయి, ఎన్ని బిందెలు పడతాయి? సగం ఏడాది నలుగురూ గోళ్లు గిల్లుకుంటా కూర్చునేటోళ్లు. ఇప్పుడు నలుగురికీ తీరిక లేదు. ఏ రోజు ఎవరు ఏ ఊరో అంతా ఆ పిల్ల నెత్తిలోనే ఉండేది, ఒక్కటీ తప్పేది కాదు. ఎంత తప్పేది కాదంటే, ఊర్లో వాళ్లు రోజులు లెక్కపెట్టడమే మానేసినారంట. ఎవరికి ఏం కావాల్నా, పోయి వట్టి సుంకమ్మని అడుగుపో అనేది.

అక్కడే వచ్చింది చిక్కు. ఉగాది పోయినాక ఆరో సంత అయిన మర్నాడు సుంకులమ్మ జాతర. ఇది తాతల నాటి లెక్క. ఆ ఏడు నాలుగో సంత జరగలేదు. పశువులకి గాలికుంటు వచ్చిందని ఎవరూ తోలుకరాలేదు, సంత మైదానంలో కుక్కలు తప్ప మనిషి లేడు. మన పిల్ల ఆ సంతని లెక్కలో వేయలేదు. జరగని సంత సంతెట్ల అయితాది? మేకే లేకపోతే మంద అంటామా? నేనైనా అట్లే అనుకుందును. అందుకని జాతరకి ఇంకా వారం ఉందని చెప్పి నలుగుర్నీ నాలుగూర్లకి పంపించింది. తాళ్ల సుంకమ్మ రాళ్లదొడ్డికి, బావి సుంకమ్మ కోతిగుండానికి, మిద్దె సుంకమ్మ చెరువుపల్లెకి, పాటల సుంకమ్మ ఎర్రబావిలో పెండ్లికి. అంతా ఒక పూట నడక. పోయి రెండు రోజులుండి రావాల. పోయిన మర్నాడు తెల్లారుతూనే ఏం వినపడింది? డప్పు. నాగన్న ఒక్కడే పాత లెక్క ప్రకారం గురుగులో రాళ్లు వేసుకుంటా ఉన్నాడు. ఆయన తాత జరిగినా జరక్కపోయినా వారానికొక రాయి వేసినాడు, ఈయనా వేసినాడు. ఊరంతా పాచిమొఖాలతో బయటికొచ్చింది. పెరుగు తోడు పెట్టినోళ్లు లేరు, కుండ కడిగినోళ్లు లేరు. అందరూ వట్టి సుంకమ్మ మొఖం చూసినారు. ఆమె నిలబడిన చోటే నిలబడి వేళ్లు మడిచింది, మళ్లీ మడిచింది. పొద్దు నెత్తికొచ్చేలోపల పిలుపు అయిపోవాల. ఒక పూట పోవాల, ఒక పూట రావాల. గిడ్డయ్య అప్పటికే పంచె ఎగగట్టినాడు, మా అమ్మనన్నా తీసుకొస్తా అని. వద్దులే, అందదు అన్నదంట. ఆయన ఆమె లెక్కని ఎప్పుడూ కాదనలేదు, ఆ రోజూ కాదనలేదు, కూలబడినాడు.

ఇంగ ఒకటే దారి ఉండాది. ఒక సుంకమ్మ రాలేకపోతే ఇంకో సుంకమ్మ బదులు పలకొచ్చు. యాడుందో, ఏం పని మీదుందో అమ్మకి చెప్పి, ఆమె కుండ తను పెట్టొచ్చు. కానీ బదులు పలికిన నోరు ఆ జాతరలో తన కోసం పలకకూడదు. అర్థమైంది గదా? పలకకపోతే ఆ నలుగురి పేర్లు పోతాయి. పలికితే ఈమెది పోతాది, అదీ మూడో జాతర, ఇంగ ఎప్పటికీ రాదు. ఆ పేరు కోసమే గదా ఏడాదంతా బావుల్లో మునిగి, మిద్దెలెక్కి ఊరితో నవ్వించుకున్నది. ఇంటింటా ముంతల్లో మిగిలిన పెరుగు పోగేసి, కుండలు నింపుకుని గుడి ముందర అందరూ చేరినారు. నాగన్న డప్పు మంటకి కాచుకుని, గొంతు సవరించుకుని, తాళ్ల సుంకమ్మా అని పిలిచినాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచినాడు. ఆ గొంతులోనే తెలిసిపోయిందంట, ఆయనకీ ఇష్టం లేదని. మూడోది పిలిచేదానికి నోరు తెరిచి కొంచెం ఆగినాడు. గిడ్డయ్య పెండ్లాం మోచేయి పట్టుకుని, నువ్వు పలికితే నీకేం మిగలదే అని మెల్లగా అన్నాడు. అవతల పోయేది తన తల్లి పేరే, అయినా అన్నాడు చూడండి. నాగన్న మూడోసారి పిలిచినాడు.

"ఓ" అన్నదంట వట్టి సుంకమ్మ.

జనం పక్కకి జరిగినారు. ఆమె కుండ నెత్తిన పెట్టుకుని అమ్మ ముందరికి పోయి, "తల్లీ, మా అత్త రాళ్లదొడ్డిలో ఉండాది. కొత్త బావికి మోకు పేనతాంది. ఈ పొద్దు అది పూర్తయితే రేపు పన్నెండెకరాలకి నీళ్లు పారతాయి" అని చెప్పి కుండ దించింది. బావి సుంకమ్మా అన్నాడు నాగన్న. ఈసారి మూడో పిలుపు దాకా కూడా ఆగలేదంట, మొదటి పిలుపుకే ఓ అనేసింది. ఒక్కసారి పలికినా పోయేది ఒకటే, నాలుగు సార్లు పలికినా పోయేది ఒకటే గదా, ఇంగ ఆగేదెందుకు? కడియం పోయిన పెండ్లికూతురు అన్నం మానేసి కూర్చుందని, బావి సుంకమ్మ నీళ్లలో ఉందని చెప్పింది. మిద్దె సుంకమ్మ చావిడి మీద ఎన్ని గంపల చౌడు తొక్కతా ఉందో చెప్పింది, ఈసారి తగ్గించి చెప్పలేదు. పాటల సుంకమ్మ వంతు వచ్చేసరికి, "ఆమె పాడతాంది తల్లీ, ఇక్కడికి వినపడదు గానీ" అని కుండ దించింది. నాలుగు కుండలు వరసగా ఉన్నాయి. ఐదో చోటు ఖాళీ. నాగన్న డప్పు కిందికి దించి, "నిన్ను పిలవకూడదు తల్లీ, పిలవాలనే ఉంది" అన్నాడంట. నెత్తి మీద మిద్దె కార్పించిన పిల్లకి ఆ మాట అన్నాడు చూడండి. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుని, మామా, వచ్చే ఏడు నుంచి ఆ రాళ్ల గురుగు నాక్కూడా చూపించు, అన్నదంట.

మర్నాడు నలుగురూ వచ్చినారు. సంగతి విని నేరుగా మేకల దొడ్డికి పోయినారు. అత్త అడిగింది, "నా పేరు నిలబెట్టి నీ పేరు పోగొట్టుకున్నావే. లెక్కలొస్తాయంటావే, ఇదేం లెక్కే?" అని. కోడలు మేకలకి తుమ్మకాయలు వేస్తా వేస్తా, "నాలుగు నిలబడినాయి, ఒకటి పోయింది. ఎట్ల చూసినా లాభమే గదా పేరత్తా" అన్నది. అన్నాక గుర్తొచ్చింది, ఇంగ తనది ఆ పేరు కాదు గదా, పేరత్తా అనేదానికి కూడా లేదు. నాలిక కరుచుకుని, అత్తా, అని దిద్దుకునింది. ఆ దిద్దుకోడం చూసి తాళ్ల సుంకమ్మ లోపలికి పోయిందంట. ఆ దినం నుంచి ఊరు ఆమెని గిడ్డయ్య పెండ్లాం అనేది. పిల్లలు పిలిచేది, బావికాడ పిలిచేది. గిడ్డయ్యకి ఇంకో కష్టం. ఆ ఊర్లో మొగోళ్లకి కూడా పెండ్లాల పేరే, తాళ్ల సుంకమ్మ మొగుడు, మిద్దె సుంకమ్మ మొగుడు అని. ఇప్పుడు ఈయన్ని ఏమనాల? గిడ్డయ్య పెండ్లాం మొగుడు అని ఎవరో అన్నారంట. ఆయన పదం పదం విడదీసి చూసుకుని, తనలో తానే తిరుక్కుంటా ఇంటికొచ్చినాడంట. ఆమె మటుకు మేకలు తోలడం మానలేదు, ఊర్ల కబుర్లు తేవడం మానలేదు. పని జరగతానే ఉండాది.

వానలు మొదలైన రోజుల్లో చెరువుపల్లె నుంచి ఒకాయన వచ్చినాడు. తడిసి ముద్దై ఉన్నాడు. మేకల దొడ్డి పక్కన పందిరి కింద తాళ్ల సుంకమ్మ తాడు పేనతాంది, అక్కడే వాన తగ్గేదాకా ఊరోళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు, నాగన్న కూడా ఉన్నాడు. ఆ వచ్చినాయన, అన్నా, కబురు సుంకమ్మ ఇల్లు యాడ అని అడిగినాడు. నాగన్న, ఆ పేరుగల మనిషి మా ఊర్లో లేదే అన్నాడు. ఆయన తప్పేం లేదు, డప్పు మీద పలకని పేరు ఆయనకి లేనట్టే. "అదేందన్నా, మా చావిడి మిద్దె చేసింది మిద్దె సుంకమ్మ. ఆమెని మా దాకా తెచ్చింది కబురు సుంకమ్మ. మా ఊర్లో చంటిపిల్లని అడిగినా చెప్తాది. కోతిగుండంలో అట్లే అంటారు, రాళ్లదొడ్డిలో అట్లే అంటారు" అన్నాడు వచ్చినాయన. నాగన్న కదలకుండా కూర్చున్నాడు. పని చేయించుకున్నోళ్ల నోట్లోంచి రావాలన్నది ఆయన చెప్పే కట్టుబాటే గదా. మిగిలినోళ్లు ఆయన మొఖం చూస్తా ఉన్నారు.

అప్పుడు ఏమైందంటే, తాళ్ల సుంకమ్మ చేతిలో తాడు కింద పెట్టింది. పుట్టినప్పటి నుంచి ఆమె నోట్లోంచి ఆ పేరు ఒక్కసారి రాలేదు. ఎవరన్నా పేరడిగితే అమ్మ పేరే అని చేయి గుడి దిక్కు చూపించే మనిషి. పందిరిలోంచి బయటికొచ్చి, వానలో నిలబడి, దొడ్డి పక్కకి తిరిగి గట్టిగా పిలిచింది.

"కబురు సుంకమ్మా! నీ కోసం మనిషొచ్చినాడే."

దొడ్డిలో మేకల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ పిల్లకి నమ్మకం కలగలేదనుకుంటా. అత్త మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడో పిలుపుకి లోపల నుంచి "ఓ" అని వినపడిందంట. నాగన్న తల ఎత్తలేదు గానీ, ఒళ్లో ఉన్న డప్పు మీద ఒక్క వేలు ఒకసారి పడింది. చిన్న చప్పుడే. వినాల్సినోళ్లకి వినపడింది.

ఆమె వచ్చి, ఏం పనన్నా అని అడిగింది. మిద్దెనా, మోకునా, బావినా, పెండ్లినా? ఆయన, అవేవీ గాదమ్మా, మా ఎద్దు జారి పడి కాలు ఇరిగింది, కట్టు కట్టేటోళ్లు కావాల, అన్నాడు. నలుగురు సుంకమ్మల్లో ఎవరికీ రాని పని అది. ఆమె మేకలు తోలిన దారులన్నీ నెత్తిలో తిప్పుకునింది. ఎర్రబావి అవతల గుట్ట దాటితే ఒక ఊరుందంట, అక్కడ పశువులకి కట్లు కట్టే ఆమె ఉందని నీళ్లకి పోయినప్పుడు ఎవరో అనంగా విన్నా, అన్నది. పేరేందని ఆయన అడిగినాడు. ఈమె నవ్వి అత్త దిక్కు చూసింది. "నేను అనకూడదు గదా. అమ్మ పేరే" అన్నది. ఆమె కబురు మోసే సుంకమ్మలు ఇంగ నాలుగు గాదు, ఐదు. ఐదు నుంచి మొదలుపెడితే ఎంత దాకా పోతాదో ఆ పిల్లకి చెప్పాలా ఎవరన్నా? దొడ్డి తడిక తీసి, వాన సన్నం కాకముందే మేకల్ని గుట్ట దిక్కుకి మళ్లించి, కర్ర చేతికి తీసుకునింది.

ఆ ఎద్దు లేచిందా, వచ్చే జాతరలో నాగన్న ఆ పేరు పిలిచినాడా అని నన్నడగొద్దండి. నాకెట్ల తెలుస్తాది? ఆమె ఇప్పుడే గదా దొడ్డి దాటింది. మేకలెన్నో మటుకు మీరే లెక్క చూసుకోండి. ఐదుతో మొదలైంది, అది మర్చిపోకుండా.